బావి లేని బొమ్మ

మునిగింది రెండెకరాల పదిహేడు గుంటలు. దాంతోపాటు ఒక బావి, బావి మీద రెండు రాతి కంభాలు, గట్టు వెంట ఆరు సీతాఫలం చెట్లు, మూలన ఒక వేప, పశువుల కొట్టం ఒకటి. కొట్టం కప్పును ముందే విప్పి తెచ్చుకున్నాం కాబట్టి దాన్ని సగంగానే లెక్క వేయాలి. ధారూరు అవతల వాగుకు అడ్డంగా కట్ట పోసినప్పుడు మా వాటాకు పోయింది ఇంత. ఈ లెక్క ఎవరూ అడగరు, అయినా అప్పుడప్పుడు నాకు నేనే ఒప్పజెప్పుకుంటుంటాను. మొన్న వికారాబాదు స్టేషను ముందు హోటల్లో చాయ్ తాగుతుంటే ఎదురు గోడకు ఒక క్యాలెండరు కనిపించింది. ఏదో గుట్ట, గుట్ట కింద పొలం, మూడింట రెండు వంతులు మబ్బులు. పక్క బల్ల మీదాయన "మస్తుగుంది" అన్నాడు. నాకు చాయ్ చేదయింది. ఆ పొలం ఎవరిదో గానీ, వాళ్ళ బావి కూడా బొమ్మకు అవతలే ఉండిపోయి ఉంటుందనిపించింది.

మబ్బుల బొమ్మల మీద నాకున్న ఈ కోపం మా బావ పుణ్యమే. బావ అంటే మా అక్క భర్త. తాండూరు బజారులో ఆయనకొక ఫోటో దుకాణం ఉండేది. పెళ్ళి జంటలను కుర్చీల్లో కూర్చోబెట్టి తీయడం ఆయన బతుకుదెరువు, చెట్లూ గుట్టలూ తీయడం ఆయన యావ. రంగు రీళ్ళు మా వైపు ఇంకా రాని రోజులు. నలుపూ తెలుపూ బొమ్మ కడిగి ఆరబెట్టి, పుల్లకు దూది చుట్టి, దాని మీద రంగు అద్దేవాడు. పెళ్ళికూతురి పెదవులకు రెండు నిమిషాలు చాలేవి, ఆకాశానికి మాత్రం మూడు రోజులు పట్టేది. నేను అక్క ఇంట్లోనే ఉంటూ నాపరాళ్ళ గనిలో పలకలు కొలిచేవాణ్ణి. చదివింది మూడో తరగతే అయినా చదరపు అడుగులు వేసి వేసి లెక్కలు నాకు నేనే పట్టుకున్నాను. ఆదివారం మాత్రం బావ కెమెరా స్టాండు మోయాలి. పొద్దున్నే పోయి నిలబడితే సాయంత్రం దాకా ఆయన మీట నొక్కేవాడు కాదు. "ఎండ నెత్తిమీదుంటె నేల పండుకుంటది బామ్మర్దీ. పొద్దు వాలినంక లేస్తది" అనేవాడు. నేల లేచేదాకా నేను నిలబడే ఉండాలన్నమాట.

అరవైల్లో, కట్ట పని ముగింపుకు వచ్చాక, మా అమ్మ చేను బొమ్మ ఒకటి కావాలంది. ఏదీ అడిగే మనిషి కాదు. ఆ బావి మా నాయన నలభై ఎనిమిదిలో తవ్వింది. జనం భయంతో ఊళ్ళు విడిచిపోతున్న రోజులు, కూలీలు దొరకలేదు. ఆయన తవ్వుతుంటే అమ్మ మట్టి తట్టలు మోసింది. తర్వాత నాలుగేళ్ళకే నాయన పోయాడు. అక్క పెళ్ళి, ఫోటోలు తీసే అల్లుడు, అన్నీ ఆ తర్వాతే కాబట్టి ఇంట్లో నాయన ఫోటో ఒక్కటీ లేదు. అమ్మకు ఆయన గుర్తంటే ఆ బావే. చిక్కేమిటంటే, మా ఇళ్ళల్లో అత్త అల్లుడితో ఎదురుపడి మాట్లాడదు. బావ వస్తే అమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుని తలుపు చాటుకు పోయేది. ఏం చెప్పించాలన్నా నా చేతనే.

"బావి కనబడాలె, ఎర్ర మన్ను కనబడాలె. గంతే. మీ బావకు మంచిగ చెప్పు కొడుకా" అంది.

పొల్లుపోకుండా చెప్పాను. బావి ఒకటి, చెట్లు ఏడు అని వేళ్ళు మడిచి మరీ చెప్పాను. బావ సరేనన్నాడు.

రీలుకు ఎనిమిది బొమ్మలు. తాండూరులో పొద్దుటి ప్యాసింజరు ఎక్కి, ధారూరులో దిగి, చేనుకు నడిచి పోయాం. చీకటి పడేసరికి ఎనిమిదీ అయిపోయాయి. మబ్బులకు మూడు, గట్టు మీద పోతున్న గొర్రెల మందకు రెండు, కంచె మీది పిట్టకు ఒకటి, వెలుతురు సోకి పాడైంది ఒకటి, చేనుకు ఒకటి. ఆ ఒక్కటి తీసేటప్పుడు కూడా ఆయన కెమెరాను బావికి దూరంగా తిప్పుతుంటే నేను ఊరుకోలేకపోయాను.

"మునిగేది ఆకాశం గాదు బావా, నేల."

"నీకు చేను గావాల్నా, పట్వారి గీసిన పొలం నక్ష గావాల్నా?"

"అమ్మకు బావి గావాలె."

"బావి నడుమ కూసుంటె కన్ను ఆడనే ఆగుతది. ఎనకకు పోదు. బొమ్మ సచ్చిపోతది."

"ఆగాల్సింది ఆడనే గద."

"జర చుప్పుండు. ఎలుతురు పోతున్నది. బావికి మళ్ల వద్దాం."

బొమ్మ బాగా వచ్చింది. నా ఒళ్ళు మండేది కూడా అందుకే. గట్టు కింది మూల నుంచి ఏటవాలుగా లేచి, దూరాన ఒక పక్కకు ఉన్న వేప దాకా పోతుంది. మీద బరువైన మబ్బులు. ఎవరో ఇప్పుడే ఆ గట్టు దిగి వెళ్ళిపోయినట్టు ఉంటుంది. ఇక రంగు. బావ పుట్టి పెరిగింది తాండూరు నల్లరేగడిలో. ఆయన దృష్టిలో మంచి నేలంటే నల్లనేలే. అత్తగారి చేనుకు గౌరవం చేస్తున్నాననుకుని మా ఎర్ర చెలకకు నిగనిగలాడే నలుపు అద్దాడు, మబ్బులకు ఊదా. అదేమిటని అడిగితే, "ఎరుపేస్తె పండుగ లెక్క కొడ్తది బామ్మర్దీ. పోతున్న చేను గద, జూసెటోనికి ఏడ్పు రావాలె" అన్నాడు.

అద్దం కట్టించి ఆయనే స్వయంగా మా ఊరికి పట్టుకొచ్చాడు. అమ్మ తలుపు చాటు నుంచి చెయ్యి చాపి అందుకుంది. కిటికీ వెలుగులో చాలాసేపు చూసింది. ఆ తర్వాత బయటికి వచ్చింది, ముఖం మీద కొంగు లేకుండా. పెళ్ళయిన ఇన్నేళ్ళకు అల్లుడితో మొదటిసారి నేరుగా మాట్లాడింది.

"మస్తు మంచిగున్నదయ్యా. ఎవరి చేను ఇది?"

వెలుతురు గురించి గంటసేపు ఆగకుండా చెప్పగల మనిషి రెండే మాటలు పలికాడు. "మీదే అత్తమ్మా" అన్నాడు మెల్లగా.

"మాదా" అంది. ఈ అంచు నుంచి ఆ అంచుకు అద్దం మీద వేలు జరిపి బావి కోసం వెతికింది. ఆ చూపు నా మీదికి తిరిగింది. "చెప్పలేదా కొడుకా?"

"చెప్పిన" అన్నాను. బావ తల ఎత్తలేదు.

ఆదివారం తెల్లవారుజామున బావే నన్ను లేపాడు. కొత్త రీలు వేసుకున్నాడు. దారంతా ఒక్క మబ్బు వైపు కూడా చూడలేదు. అప్పటికే పైన కురిసిన వానకు వాగు వచ్చి, కట్ట వెనక నీళ్ళు నిలిచిపోయాయి. రాతి కంభాల కొనలు కూడా కనపడలేదు. వేప మాత్రం నడుము దాకా నీళ్ళలో ఉంది. నీళ్ళలో మబ్బుల నీడ, పక్క నుంచి వాలుతున్న ఎండ, ఆయన ఎప్పుడూ కోరుకునే హంగులన్నీ ఆ రోజే కుదిరాయి. స్టాండు విప్పబోతే వద్దని చెయ్యి ఊపాడు.

"తియ్యవా?" అన్నాను.

"ఏం దియ్యాలె?" అన్నాడు.

ఎనిమిదికి ఎనిమిదీ అట్లాగే వెనక్కి తెచ్చాం. అమ్మ ఆ నల్ల చేనును గోడకు తగిలించుకుంది. చూసినవాళ్ళకు "అల్లుడు దీసిండు" అని చెప్పేది. మా చేను అని మాత్రం ఎన్నడూ అనలేదు. ఆమె పోయాక అద్దం నా వాటాకు వచ్చింది. రోజూ దాని కిందనే కూర్చుని అన్నం తింటాను. ఆ మన్ను ఎంత ఎరుపో తెలిసినవాళ్ళం ఇప్పుడు అక్కతో కలిపి ముగ్గురమే, అందులో ఒకడు ఆ నలుపు పూసినాయనే. ఈ మధ్య కళ్ళు మూసుకుంటే నాకు కూడా చేను నల్లగానే కనిపిస్తోంది. ఏళ్ళు నా కళ్ళలోని మన్ను రంగును కూడా మార్చేశాయి గానీ, బావ అమ్మకు పడ్డ బాకీని మార్చలేకపోయాయి. బావి ఉన్న బొమ్మ ఒకటి.