ఆదోనిలో జిన్ను, ఎమ్మిగనూరులో రిపోర్టు

రిపోర్టు సంగతి ఫోన్‌లో చెప్పేస్తే ఒక్క నిమిషంలో అయిపోయేది. కానీ మా అమ్మకు కేన్సర్ అని నాకు తెలిసింది ఫోన్‌లోనే. అప్పటి నుంచి అలాంటి కబురు ఫోన్‌లో చెప్పడమంటే నాకు ఒళ్లుమంట. అందుకే ఎమ్మిగనూరులో ఉండే అమ్మ చెల్లెలు, మా చిన్నమ్మ రక్తపరీక్ష ఫలితం పట్టుకుని హైదరాబాదులో రాత్రి రైలెక్కి, పొద్దున్నే ఆదోనిలో దిగాను.

స్టేషన్ బయట బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. కడుపునిండా తిన్నా వంద దాటదు. బస్టాండుకు తీసుకెళ్తున్న ఆటో ఆయన ఏం పని చేస్తావని అడిగాడు.

“జీన్ల మీద పని అన్నా.”

“ఏ జిన్నులోమ్మా? మా బామ్మర్ది గూడ జిన్నులోనే ఉండాడు.”

నేనన్నది జన్యువుల గురించి. పత్తి ఊరు కదా, ఇక్కడ జిన్ను అంటే గింజలు వేరుచేసి దూది తీసే మిల్లు. పొద్దున్నే పాఠం చెప్పే ఓపిక లేక “హైదరాబాదు జిన్నులో” అనేశాను.

ఎమ్మిగనూరుకు బస్సులకు కొదవలేదు, గంటకు అటూఇటూగా పడుతుంది. మా ల్యాబులో ఎలుకల క్రోమోజోముల్లోంచి ఒక్కో ముక్క తీసేసి, ఏది లేకపోతే కణాలు అదుపుతప్పి గడ్డ కడతాయో చూస్తాం. అదే ముక్క అదనంగా పెట్టినప్పుడు కణాలు పెరగడం మానేస్తే, గడ్డల్ని అణిచే కాపలా జన్యువు అక్కడే ఉందని అర్థం. అమ్మలో చెడిపోయింది అలాంటి కాపలా జన్యువే, ఎవరో ఎప్పుడో కనిపెట్టినది. చిన్నమ్మలోనూ చెడి ఉంటే ఆమె కూతురికీ వచ్చి ఉండొచ్చు. ఆ భయంతోనే చిన్నమ్మ పరీక్షకు చాలాకాలం తప్పించుకు తిరిగింది.

నేను వెళ్లేసరికి మగ్గం పక్కన నూలు కండెలు చుడుతోంది. రాట్నం ఆపింది.

“సెప్పు పాపా. ఉందా?”

“లేదు చిన్నమ్మా. నీ నుంచి చెల్లికి వచ్చే దారే లేదు.”

కొంగుతో ముఖం తుడుచుకుని నవ్వింది. నాకూ ప్రాణం లేచొచ్చింది. జొన్నరొట్టె, వంకాయ కూర వడ్డిస్తూ ఉన్నట్టుండి అడిగింది.

“మరి నీకు?”

“ఉంది.”

వడ్డించబోయిన రొట్టె ఆమె చేతిలోనే ఉండిపోయింది. “జిన్నులో ఇత్తనం తీసినట్ల, దాన్ని ఏరి పారేసేకి రాదా మీకు?”

“తీసేసేది కాదు చిన్నమ్మా. కాపలా ఉండాల్సిందే చెడిపోయింది. బాగుచేయడం ఇంకా రాలేదు. క్రమం తప్పకుండా స్కానింగు చేయించుకుంటున్నా. ముందే పట్టుకుంటే నయమవుతుంది.”

“మా అక్కకు ఈ సంగతి ముందే తెలిసింటే” అని ఆగిపోయి, రొట్టె నా కంచంలో వేసింది.

ఆ సాయంత్రం రైలుకు టికెట్ ఉంది. చిన్నమ్మ పోనివ్వలేదు. మంచి కబురు మోసుకొచ్చినందుకు సంతోషం, దాచుకున్న నా సంగతి ఇంట్లో ఒకరికి చెప్పుకున్నందుకు ఇంకా సంతోషం. ఏది లేకపోతే ఏమవుతుందో చూడటమే నా ఉద్యోగం. అమ్మ లేకపోవడం మాత్రం ఆ రాత్రి చిన్నమ్మ పక్కన పడుకున్నప్పుడే కొంచెం తేలికైంది. ఇలాంటి రిపోర్టు పట్టుకుని అయినవాళ్ల ఇంటికి వెళ్లేవారికి ఒక్క మాట: తిరుగు టికెట్ ముందే తీసుకోకండి.