రన్‌వే పక్కన మంచినీళ్లు

2018 ఎండాకాలం. మనవాళ్లు రంగూన్ అనే యాంగోన్ నడిబొడ్డున ఒక కన్సల్టెన్సీ ఆఫీసులో నేను డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఆడదాన్నైనా ఆ ఉద్యోగం పేరు అదే. ఊరి శివారు పేట తాకేటా నుంచి బస్సులో వచ్చి, సాయంత్రం దాకా కంప్యూటర్ మీద గీతలు గీయడం నా పని. దక్షిణాన ఒక చిన్న దీవిలో ఉన్న పొట్టి రన్‌వేని పెంచి అంతర్జాతీయ విమానాశ్రయం చెయ్యాలన్నారు. ఆ డ్రాయింగులు నా చేతికొచ్చాయి. దీవిని నేను చూడలేదు. సర్వేవాళ్లు పంపిన కొలతలే నాకు దీవి.

రన్‌వే అంటే విమానం పరిగెత్తే తారు ఒక్కటే కాదు. దానికి రెండు పక్కలా చదును చేసి ఉంచే నేలని స్ట్రిప్ అంటారు. విమానం పట్టుతప్పి పక్కకి జారినా అక్కడ గొయ్యిగానీ గోడగానీ తగలకూడదు. సర్వే మ్యాపులో పడమటివైపు స్ట్రిప్ అంచున ఒక చిన్న సున్నా ఉంది. పక్కన ‘పాత నుయ్యి, వాడకంలో లేదు’ అని రాసి ఉంది. పూడ్చెయ్యాలని గుర్తు పెట్టి ముందుకు వెళ్లిపోయాను.

నెల తిరక్కుండానే, నుయ్యి పూడ్చేస్తారని విని అప్పలస్వామిగారు ఆఫీసుకి వచ్చారు. అరవై దాటిన మనిషి, ఆ దీవిలో ఐసు ఫ్యాక్టరీ మెకానిక్. మా తాతలాగే ఆయన తాత కూడా శ్రీకాకుళం వైపు నుంచి రేవు పనికి వచ్చినవాడే. ఎవరో నన్ను పార్వతీ అని పిలవడం విని తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చారు.

“తెలుగోలివేనా అమ్మా?”

“అవును బాబాయ్. కూకోండి. ఏటి పని?”

“ఆ నుయ్యి పాడుబడిపోనాదని మీకు ఒవులు సెప్పినారు? ఎండాకాలమంతా ఊరు ఊరంతా ఆ నీలే తాగుతాది. మిగతా నూతులన్నీ ఉప్పే.”

“సర్వేవోలు రాసినారు బాబాయ్.”

“ఆలు వానల్లో వొచ్చినారమ్మా. వానల్లో నూతికి ఒవులెల్తారు? ఇంటి ముందర తొట్లు నిండిపోతాయి కదేటి!”

మా పైఅధికారి ఉ సో మింట్ దగ్గరికి వెళ్లాను. “మా పార్వతీ, షీట్లన్నీ పైకి వెళ్లిపోయాయి. ఒక్క నూతి కోసం మళ్లీ మొదలుపెట్టమంటావా?” అన్నారాయన బర్మీస్‌లో. అక్కడ మర్యాదకి ఆడవాళ్ల పేరు ముందు ‘మా’ అనీ, పెద్ద మగవాళ్ల పేరు ముందు ‘ఉ’ అనీ చేరుస్తారు. చెడ్డమనిషి కాదు, విసిగిపోయిన మనిషి. మూడు రోజులు వెంటపడితే, వెళ్లి చూసి రమ్మన్నారు.

నేను దీవికి చేరేసరికి మిట్టమధ్యాహ్నం, నూతి దగ్గర బిందెలతో ఆడవాళ్లు వరసలో నిలబడి ఉన్నారు. దోసిలి పట్టి తాగాను. తియ్యటి నీళ్లు. తిరిగొచ్చి కొత్త డ్రాయింగు గీశాను. నూతి మీద నేలమట్టానికి కాంక్రీటు మూత, భూమిలోంచి కంచె అవతలికి గొట్టం, అక్కడొక చేతిపంపు. విమానానికి అడ్డు లేదు, ఊరికి నీళ్లున్నాయి. సంతకాలయ్యాయి. “నీ సెయ్యి సల్లగుండాల” అన్నారు అప్పలస్వామిగారు ఫోన్లో. ఆ మాట ఇంట్లో అందరికీ చెప్పుకున్నాను.

పని పూర్తయిన మరుసటి ఎండాకాలం మళ్లీ ఆయన ఫోను. “అమ్మా, పంపులో నీలు ఉప్పెక్కిపోనాయి.”

షీట్లన్నీ పరిచి కూర్చున్నాను. ఎక్కువసేపు వెతకక్కర్లేకపోయింది. రన్‌వే పొడవునా సముద్రం దాకా వెళ్లే లోతైన డ్రెయిన్, అంటే వాననీటి కాలువ, గీసింది నేనే. చిన్న దీవిలో వాననీరు ఇసకలోకి ఇంకి, అడుగునున్న ఉప్పునీటి మీద పల్చగా తేలుతూ ఉంటుంది. నూతిలోకి ఊరేది ఆ నీరే. నా కాలువ దాన్ని సముద్రంలోకి లాగేసింది. నుయ్యి ఎక్కడుందో చూశాను గానీ, నూతిలోకి నీరు ఎక్కణ్ణుంచి వస్తోందో చూడలేదు.

“బాబాయ్, తప్పు నాదే. కాలువ నేనే గీసినాను,” అన్నాను ఆయనకి ఫోన్ చేసి.

“మరిప్పుడేటి సేద్దుమమ్మా?” అన్నారు అప్పలస్వామిగారు. తిట్టి ఉంటే బాగుండేది.

కాలువకి అడ్డంగా అక్కడక్కడా పొట్టి గోడలు కట్టాలని గీశాను. మామూలు వానకి నీరు నిలిచి ఇసకలోకి ఇంకుతుంది, పెద్ద వానకి గోడల మీదుగా పొర్లిపోతుంది. ఉ సో మింట్ ఈసారి ఏమీ అనకుండా సంతకం పెట్టారు. కానీ కరోనా వచ్చింది, తర్వాత సైన్యం గద్దెనెక్కి దేశమే తలకిందులైంది. ఆ నాలుగు గోడలకీ ఏళ్లు పట్టాయి. ఈలోగా ఊరివాళ్లు పక్క దీవి నుంచి పడవల్లో డ్రమ్ములతో నీళ్లు తెచ్చుకున్నారు. విదేశీ విమానం ఇప్పటిదాకా ఒక్కటీ దిగలేదు.

ఇప్పుడు ఏ పనొచ్చినా, సర్వే ఏ నెలలో చేశారని ముందు అడుగుతాను. వానల్లో చేసి ఉంటే ఎండల్లో, ఎండల్లో చేసి ఉంటే వానల్లో, ఇంకోసారి వెళ్లి చూడాలంటాను. ఆఫీసులో కొత్తవాళ్లు నవ్వుతారు. వాళ్లతో వాదించే ఓపిక నాకు లేదు. అడగడం మాత్రం మానను.

మొన్న ఎండాకాలం చివర్లో అప్పలస్వామిగారు ఫోన్ చేశారు. “ఈయేడు నిరుడికంటె ఇరవై రోజులు ఎక్కువ తాగినామమ్మా, తరవాత ఉప్పెక్కీసినాయి,” అన్నారు. సంతోషపడాలో, ఏడవాలో తెలియలేదు. వచ్చే ఏడు ఇంకో పది రోజులు పెరగాలంటే ఏ గోడ ఎంత ఎత్తు లేపాలో లెక్క వేద్దామని ఆ షీటు మళ్లీ తెరిచాను.