నాయిన జమ చేసిన కాగితాలు

మొన్న ఆదివారం మా మనవరాలు ఎమ్మెస్సీలో చేరడానికి ఫోనులో యూనివర్సిటీల వరుస పెట్టుకుంటూ, ఒక్కోదాని ర్యాంకూ ఫీజూ పైకి చదువుతుంటే, నేను పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. దేని ర్యాంకు పడిపోయిందో, ఏ జిల్లాకు కొత్తది వచ్చిందో, మామూలు సీటుకు ఎంతో, సెల్ఫ్ ఫైనాన్స్ సీటుకు ఎంతో, అన్నీ దానికి నోటికి వచ్చు. మన రోజుల్లో ఈ గొడవెక్కడిది? మా సంగారెడ్డి, పటాన్‌చెరు పిల్లలకు యూనివర్సిటీ అంటే పట్నంలో ఉన్న ఆ ఒక్కటే. దానికి ర్యాంకు ఉంటుందని ఎవరికీ తోచలేదు, ఫీజు కోసం ఎవరూ గొడ్డును అమ్ముకోలేదు. అందులో నాకూ ఒకప్పుడు కెమిస్ట్రీ సీటు వచ్చింది. ఈ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

మాది లక్డారం. నేను బీఎస్సీ చదువుతుండగా మా చెలకలో మందుల ఫ్యాక్టరీ లేచింది. భూమి పోయిన ఇంటికి ఒక ఉద్యోగం ఇస్తామన్నారు. చేరేవాడు ఒరిజినల్ సర్టిఫికెట్లు కంపెనీలో పెట్టాలన్నది అక్కడి రివాజు. మా నాయినకు చదువు రాదు గాని, భూమి పహాణీ నకలు కోసం ఏళ్ల తరబడి తాసీల్దారు ఆఫీసు మెట్లు ఎక్కి దిగిన మనిషి కనుక, ఎవడు ముందు కాగితం లోపల పెడితే వాడిదే పని అని గట్టిగా నమ్మేవాడు. బీఎస్సీ అయ్యాక నేను పట్నం పోయి, యూనివర్సిటీ నోటీసు బోర్డు మీద నా పేరు రెండుసార్లు చదువుకుని, సంబరంగా ఇల్లు చేరేసరికి ఆయన గడ్డం గీయించుకుని, ఉతికిన ధోవతి కట్టుకుని గుమ్మంలోనే ఎదురయ్యాడు.

“నీ కాయిదాలన్ని కంపెనీల జమ చేసొచ్చిన బిడ్డా. అందరికంటే ముంగట మనయే. ఇగ నీకు పరేషాన్ లేదు.”

ఆ ముఖం చూశాక సీటు మాట ఎత్తలేదు. మంచిగైంది నాయినా అన్నాను.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా కంపెనీకి వెళ్లి అడిగాను. ఆ ఆఫీసరు చెడ్డవాడేం కాదు. కాగితాలు ఇచ్చేస్తాను, కానీ పేరు కొట్టేస్తాను, ఇక మీ ఇంటి వంతు అయిపోయినట్టే అన్నాడు. ఆ కాగితాలు లేకుండా యూనివర్సిటీలో చేర్చుకోరు. చెలక ఎలాగూ పోయింది, దానికి బదులుగా మిగిలింది ఆ ఒక్క ఉద్యోగమే. సీటుకు ఇంకా నాలుగు రోజుల గడువు ఉంది. ఆ నాలుగు రోజులూ మామూలుగానే తిన్నాను, మామూలుగానే పడుకున్నాను, ఐదో రోజు సైరన్ కూయగానే పోయి ల్యాబులో చేరాను. ఏడుపు రాలేదు. మొదటి నెలలోనే ముక్కు ఆ సాల్వెంటు వాసనకు మొద్దుబారింది. మిగతా నేను కూడా ముక్కు వెంటే పోయాననుకుంటాను.

నాలుగైదేళ్లకు, లెక్చరరయిన నా క్లాస్‌మేట్ ఒకడు సంగారెడ్డి అంగట్లో నాయినకు కనబడి, నాకు సీటు వచ్చిన సంగతి అనేశాడు. ఆ సాయంత్రం ఆయన కంచం ముందు కూర్చుని, ముద్ద కలుపుతూ అడిగాడు.

“నేను గా కాయిదాలు వెట్టకుంటే నువ్వు గాడ సదువుతుంటివా?”

“లేదు నాయినా, నాకు సీటే రాలే. వాడు ఇంకెవలనో అనుకున్నడు.”

“గట్లనా” అని మజ్జిగ పోయమన్నాడు. నమ్మాడో లేదో నాకు తెలియదు. ఆ తర్వాత మాత్రం చుట్టాలందరితో, మావానికి సీటు రాకపోతే నేనే కంపెనీల పెట్టిచ్చిన అని చెప్పుకుని తేలికపడేవాడు. నా పెళ్లిలోనూ ఆ మాటే, నా పిల్లలు పెరిగిందీ ఆ మాట వింటూనే.

నిన్న మనవరాలికి ఆ యూనివర్సిటీలోనే, ఆ కెమిస్ట్రీలోనే సీటు వచ్చింది. సర్టిఫికెట్లన్నీ ముందే ఫోనులో పంపించేసింది, ఇప్పుడు ఏ నాయినా వాటిని సంచిలో వేసుకుని పోయి ఎక్కడా జమ చేసి రాలేడు. ఫీజు సంగతి విని మా కొడుకు వేళ్ల మీద లెక్క వేసుకుని సరేనన్నాడు. పోనీ, కనీసం దాని ముందున్న చిక్కు ఏమిటో అందరికీ తెలుసు. “నీకు రాని సీటు దానికొచ్చింది నాయినా” అంటూ వాడు నా నోట్లో మిఠాయి పెట్టాడు. ఔనన్నాను. మా నాయిన పోయి చాలాకాలమైంది. ఇప్పుడు నిజం చెబితే నొచ్చుకునేవాళ్లు లేరు. నమ్మేవాళ్లూ లేరు, ఒక్కోసారి నాకే నమ్మబుద్ధి కాదు.