అంచు కుట్టని జెండా

టేకులపల్లి అవతల మా ఊళ్లో, అడవిలో కొట్టుకున్న పోడు భూములకు పట్టాల కోసం ఊరేగింపులు తీసిన రోజుల్లో పార్టీ జెండాలన్నీ కుట్టింది మా శాఖ కార్యదర్శి భార్యే. అక్కా అని పిలిచేవాళ్లం. అంచు రెండుసార్లు మడిచి కుట్టి, దారం పంటితో కొరికి, "గాలికి ముందు అంచే చినుగుతది తమ్మీ," అనేది.

ఏటా సభ్యత్వ పుస్తకం నేనే రాసేవాణ్ని, వాళ్లింట్లోనే, ఆ కుట్టుమిషన్ పక్కనే కూర్చుని. ఆమె చాయ్ ఇచ్చేది. నేను ఆమె భర్త పేరు రాసుకునేవాణ్ని. ఆమె పేరూ రాయాలని నాకు ఒక్క ఏడాదీ తోచలేదు.

ఒక వానాకాలం జ్వరమొచ్చి, దవాఖానాకు చేరకముందే పోయింది.

మా దగ్గర పార్టీ సభ్యులు చనిపోతే జెండా కప్పి సాగనంపుతాం. మండల నాయకుడు వచ్చి పుస్తకం తిరగేశాడు.

"ఏందిది, ఈమె పేరే లేదు? సభ్యురాలు కాకుంటే జెండా ఎట్ల కప్పుతం?"

ఆమె భర్త తల వంచుకున్నాడు. నేను లోపలికెళ్లి, మిషన్ మీద ఆమె సగం కుట్టి వదిలిన జెండా తెచ్చి కప్పాను. ఎవరూ వద్దనలేదు.

అంచు కుట్టని వైపు పోగులు గాలికి ఊడుతుంటే, చేత్తో అదిమిపట్టి వాగు దాకా పాడె వెంట నడిచాను.