రద్దీ ఉన్నది, లోపలికి పోవద్దు

ప్రగతి నగర్‌ల మా మనుమరాలు ఇంట్ల కూసొనే ఆఫీసు పని చేస్తది. నేను చాయ్ పట్టుకపోతే టక్కున కంప్యూటర్ మూత దించుతది. "అమ్మమ్మా, ఏమనుకోకు. ఇంట్లవాళ్ళు గూడ చూడొద్దని రూలు" అంటది. అనుకునుడేంది బిడ్డా, గసొంటి రూలు మీదనే నా నౌకరి నిలబడ్డది అంటే నమ్మదు. అందుకే రాస్తున్న. నేను చదివింది రెండో తరగతి. తప్పులుంటే మీరే దిద్దుకోండ్రి.

డెబ్బైలల్ల ముచ్చట ఇది. ఇప్పుడు అద్దాల మేడలున్న దిక్కంత అప్పుడు రాళ్ళగుట్టలు, సీతాఫలం చెట్లు. మాది బాచుపల్లి. కూకట్‌పల్లి అవతల రేడియో సామాన్ల ఫ్యాక్టరీ ఒకటి ఉండె. దాని ఆఫీసుల నన్ను అటెండరుగ ఆరు నెలలకు పెట్టుకున్నరు. పని నచ్చితే పర్మినెంటు, లేకుంటే ఇంటికి. మా ఆయనకు నడుం పడిపోయి ఏడాది. ఇద్దరు పిల్లలు. ఆ పర్మినెంటు కాగితం వస్తేనే మా పొయ్యి మండేది.

నా డ్యూటీ టైపు రూము కాడ. లోపల రెండు టైపు మిషన్లు, కాపీలు తీసే మిషను ఒకటి. దాన్ని చెయ్యితోని తిప్పితే సిరా వాసన కొట్టుకుంట ఒక్కొక్క కాగితం బయటికి దుంకేది. టైపు కొట్టే అక్క ఆంధ్ర దిక్కు మనిషి, కూకట్‌పల్లిల కిరాయికి ఉండేది. పిల్లకు జ్వరమొస్తే ఇంటికాడనే మిషను పెట్టుకొని కొట్టేది. ఆ కాగితాలు సంచిల మూతి కట్టి నేనే బస్సుల తీసుకపోయేదాన్ని. వచ్చేటప్పుడు కార్బన్లతోని సహా లెక్కపెట్టి తెచ్చేదాన్ని.

నాకు అయిదో నెల నడుస్తుంటే కొత్త సారు వచ్చిండు, గోదావరి దిక్కు నుంచి. నెమ్మది మనిషి. నన్ను పిలిచి చెప్పిండు.

"చూడమ్మా, రద్దీ ఉన్నప్పుడు లోపలికి ఎవరినీ రానివ్వకు. ఎవరు ఏ కాగితం చూస్తున్నారో మనకి తెలీదు. నాకైనా సరే, ఇంకొకరికైనా సరే, ఒకటే రూలు. అర్థమైందా?"

"అయింది సార్" అన్న.

బాగనే అర్థమైందనుకున్న. మా దిక్కు రద్దీ అంటే పాడైన కాగితాలు, కబాడీకి వేసేటివి. అంటే బుట్టల రద్దీ ఉన్నంతసేపు తలుపు కాడ నేను కదలొద్దు, ఎవ్వర్నీ పోనియ్యొద్దు. సారు ముంగట ఆ బుట్టల కాగితాలు ఎప్పటిలెక్క కాల్చినంక ఇగ ఎవరన్న పోవచ్చు. ఎంత తెలివిగల్ల సారు అనుకున్న మనసుల.

ఆ వారమే పనోళ్ళ ప్రమోషన్ పరీక్ష కాగితం కొట్టిండ్రు. అక్క రెండు మూడుసార్లు తప్పుపోయి, కాగితాలు కార్బన్లు బుట్టల పడేసింది. ఇంతల పిల్ల జారి పడ్డదని కబురొచ్చింది. మంచి కాపీ సారు చేతిల పెట్టి ఇంటికి ఉరికింది. సారేమో మీటింగుకు పోయిండు. రూముల పురుగు లేదు. నేను తలుపుకు అడ్డం స్టూలు వేసుకొని నిలబడ్డ.

స్టోర్ల పెద్దాయన వచ్చిండు. ఈయనది గుంటూరు దిక్కు, గొంతు పెద్దది.

"తప్పుకో."

"రద్దీ ఉన్నది సార్. లోపలికి పోవద్దు."

ఆయన మెడ సాపి చూసిండు. "ఈగ కూడా లేదు, రద్దీ ఎక్కడుందే?"

"ఉన్నది సార్. బుట్ట నిండ ఉన్నది."

"బుట్టలో రద్దీయా! పొద్దున్నే కల్లు గానీ తాగొచ్చావా? నా కళ్ళద్దాలు బల్ల మీద మర్చిపోయాను. జరుగు."

"అద్దాలు నేను తెచ్చిస్త. మీరు పోవద్దు."

"నువ్వేమన్నా కలెక్టరువా నన్నాపడానికి?"

"కాదు సార్, అటెండర్ని. కలెక్టరునైతే కూసొని చెప్పేదాన్ని."

గేటు కాడి చౌకీదారు కిసుక్కున నవ్విండు. పెద్దాయన మొఖం కందిపోయింది. "సాయంత్రానికి నీ ఉద్యోగం ఉండదు, చూసుకో" అని పోయి, మీటింగుల నుంచి మా సారును లేపుకొచ్చిండు.

సారు వస్తనే లోపలికి అడుగేయబోయిండు. నేను స్టూలు తియ్యలే.

"మీరు గూడ పోవద్దు సార్. మీరే చెప్పిండ్రు, రద్దీ ఉంటే ఎవ్వర్నీ రానియ్యొద్దని."

"రద్దీ అంటే జనం అమ్మా! జనం గుంపు!"

నేను కాసింది తప్పు రూలా? అయినా నోరు ఊకోలే. "గుంపును గుంపే అంటరు గద సార్. రద్దీ అంటే గిది" అని బుట్ట తెచ్చి ఆయన ముంగట పెట్టిన.

సారు ఒక కార్బన్ తీసి కిటికీ వెలుగుకు పట్టిండు. ఒకటో ప్రశ్న, రెండో ప్రశ్న, అన్నీ చదవొస్తున్నయి. సారు ఆ కార్బన్‌ను మళ్ళ బుట్టల అడుగుకు తోసిండు. పెద్దాయన తమ్ముడు గూడ ఆ పరీక్షకు కూసునేటోడే, అది నాకు తర్వాత తెలిసింది. దొంగ అని నేను అనను. అద్దాలు నిజంగనే బల్ల మీద ఉండె, నేనే తెచ్చిచ్చిన.

అయినా ఆయన ఊకోలే. "మర్యాద తెలియని మనిషి, తీసెయ్యాలి" అని మొత్తం ఫ్యాక్టరీని చూసుకునే పెద్ద సారుకు కాగితం రాసిండు. నా పర్మినెంటు ఫైలు గూడ ఆ పెద్ద సారు కాడనే ఉన్నది. ఇంట్ల చెప్పలే. చెప్పి మా ఆయన్ను పరేషాన్ చేసుడెందుకు?

నాలుగోనాడు పెద్ద సారే వచ్చిండు, చంకల ఫైలు. అక్క లోపల టైపు కొడుతున్నది, బుట్ట సగం నిండింది. ఎనక మా సారు, స్టోర్ల పెద్దాయన, ఇద్దరు క్లర్కులు. లేచి నిలబడ్డ.

"రద్దీ ఉన్నది సార్. జర ఆగుండ్రి."

మా సారు తల పట్టుకున్నడు. "అమ్మా, ఆయన పెద్ద సారు!"

"రూలు ఒకటే అన్నరు గద సార్."

పెద్ద సారు పాతబస్తీల పుట్టిన మనిషి, మా మాట, ఉర్దూ రెండూ తెలిసినాయన. బుట్ట దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు, పకపక నవ్విండు. "రద్దీ అంటే రద్దీయే గదనయ్యా! ఆమె సహీ చెప్తున్నది. ఎంతసేపు ఆగాలె బిడ్డా?"

"కాల్చి వచ్చిందాక సార్."

ఆగిండు. ఎండల, వరండాల, అందరూ ఆయన ఎనక వరుసగ. నేను బుట్ట ఎత్తుకపోయి ఆయనకు కనబడేటట్టు కాల్చిన. కట్టెతోని బూడిద కలియబెట్టి, ఒక్క అక్షరం మిగల్లేదని చూసుకొని, చేతులు కడుక్కొని తాపీగ వచ్చిన.

పెద్ద సారు నా స్టూలు మీదనే ఫైలు పెట్టి సంతకం చేసిండు. అక్క బయటికొచ్చి చదివింది, "పర్మినెంట్" అని, రెండుసార్లు.

"ఇప్పుడు పోవచ్చా?" అన్నడు పెద్ద సారు.

"పోవచ్చు సార్" అని స్టూలు పక్కకు జరిపిన. ఒక్కొక్కరే నా ముంగట నుంచి లోపలికి పోయిండ్రు. స్టోర్ల పెద్దాయన ఆఖర్న పోయిండు, అది గూడ నన్ను అడిగి.