మీసం సందున గాలి

ఛత్రినాకలో ఎల్లప్ప మీసం తెలియనివాళ్లు లేరు. ఆయన కరెంటు ఆఫీసులో లైన్‌మన్ అన్న సంగతి కొందరికే తెలుసు గాని, బోనాలప్పుడు ఒళ్లంతా పసుపు పూసుకుని, కొరడా ఝళిపిస్తూ అమ్మవారి ముందు ఆడే పోతరాజుగా పిల్లాపాపలందరికీ తెలుసు. పోతరాజంటే అమ్మవారికి సొంత తమ్ముడాయె. తాత నాటి నుంచీ ఆ వేషం ఆ ఇంటిదే, ఆ మీసమూ ఆ ఇంటిదే. పెద్దవాళ్లెవరైనా పోతే తప్ప దాని మీద కత్తి పడదు. రోజూ పడుకునే ముందు దానికి కొబ్బరినూనె రాసి మెలితిప్పే పని ఆయన భార్య రాజమణిది. పెళ్లైన కొత్తలో సిగ్గుపడుతూ మొదలుపెట్టింది, ఇప్పుడు రాయకపోతే ఆమెకే తోచదు.

ఎల్లప్ప గురక గురించి చెప్పాలంటే గోడ అవతలి వాళ్లని అడగాలి. ఆ గురకతో రాజమణికి ఏ పేచీ లేదు. అది ఉన్నట్టుండి ఆగిపోయినప్పుడే ఆమెకు భయం. లేచి కూర్చుని భుజం పట్టి కుదిపితే, నీళ్లలోంచి పైకి తేలినవాడిలా ఒక్కసారి ఊపిరి లాగేవాడు. పగలంతా తూగేవాడు. ఓ రోజు కరెంటు స్తంభం మీదే కునుకు పట్టింది. నడుముకు బెల్టు ఉండబట్టి బతికాడు. డాక్టరు బాగైందని చెప్పేదాకా స్తంభం ఎక్కొద్దన్నారు ఆఫీసులో.

నిద్రలో గొంతు మూసుకుపోతోందని, రాత్రిళ్లు మాస్కు తొడుక్కుంటే ఈ మిషన్ ముక్కులోకి గాలి పంపి గొంతును తెరిచి ఉంచుతుందని డాక్టరు ఓ చిన్న పెట్టె చూపించి చెప్పినప్పుడు రాజమణి నోరు తెరిచింది. మందు లేదు, సూది లేదు, కోత లేదు. ఉత్త గాలి! ఉత్త గాలే మనిషిని కాపాడుతుందా? ఇంటికి తెచ్చి దానికి పసుపు కుంకుమ పెట్టి, దేవుడి పటం పక్కన ఇనుప బీరువా మీద కూర్చోబెట్టింది. అదే పొరపాటైంది. మిషన్ గుయ్యిమంటే బీరువా గయ్యిమంది. దానికి తోడు మాస్కులోంచి ఒకటే బుస. ఉన్నది ఒక్క గది, ఇక ఎక్కడికి పోయి పడుకుంటుంది పాపం?

రాజమణి ఇంటి ముందే పొయ్యి పెట్టుకుని జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. నిద్రలేక కళ్లు మూతలు పడుతుండగా ఓ సాయంత్రం పెనం మీద చెయ్యి పెట్టేసింది. ఆ బొబ్బ చూసి ఎల్లప్ప మాస్కు తీసి పక్కన పారేశాడు.

"నా మిషిన్ లొల్లికే గదనే నువ్వు చెయ్యి కాల్చుకున్నది. నాకొద్దు గిది."

ఆ రాత్రి మళ్లీ ఊపిరి ఆగింది. కుదిపినా వెంటనే లేవలేదు. రాజమణి అరిచిన అరుపుకు పక్కింటి ఆగమ్మ పరుగెత్తుకొచ్చింది. అప్పుడు గాని ఎల్లప్ప కళ్లు తెరవలేదు.

మర్నాడు మిషన్ల దుకాణం నుంచి కృపాకర్ వచ్చాడు. బీరువా మీది నుంచి దించి, కింద మడత పెట్టిన బొంత మీద పెట్టాడు. దుమ్ముపట్టిన ఫిల్టరు మార్చాడు. గుయ్యిమనడం మాయమైంది గాని బుస మాత్రం పోలేదు. అతను ఎల్లప్ప ముఖం వైపు చూసి, "అంకుల్, మీసం జర..." అన్నాడో లేదో, ఎల్లప్ప కళ్లు బోనాల నాటి కళ్లయ్యాయి. కృపాకర్ సంచీ సర్దుకుని వెళ్లిపోయాడు.

రాజమణి మాస్కు తొడిగి, దాని అంచు వెంట మెల్లగా వేలు తిప్పింది. పై పెదవి దగ్గర చల్లగా తగిలింది. నూనెకు మాస్కు జారుతోంది, మీసం వెంట్రుకల సందుల్లోంచి గాలి తప్పించుకుంటోంది. రొట్టెకు చిన్న చిల్లు పడితే ఆవిరంతా అక్కడినుంచే పోయి రొట్టె పొంగదు. రోజూ చూసేదే కదా! ఇన్నాళ్లూ తన చేత్తోనే నూనె రాసి ఆ దారి చేసిపెట్టిందని తెలిసి ఆమెకు ఏడుపొచ్చింది.

"ఏమయ్యో, మీసంలకెళ్లే గాలి పోతున్నది."

"అయితే ఏంది? పోతరాజుకు మీసం లేకుంటే అమ్మవారు గుర్తువడ్తదా?"

"ఇన్నేండ్ల సంది నూనె రాసిన, దాని ఇలువ నాకు తెల్వదా? అమ్మకు తమ్ముడు కావాల్నా, తమ్ముని మీసం కావాల్నా? నువ్వే చెప్పు."

ఎల్లప్ప మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. అంత పెద్ద మనిషీ తలవంచుకుని కూర్చుండిపోయాడు.

ఆదివారం పొద్దున్నే సెలూన్ అంజన్ దగ్గరకు వెళ్లి కుర్చీలో కూర్చుని, మీసం తీసేయమన్నాడు. అంజన్ చేతిలో కత్తి ఆగిపోయింది. "అన్నా, ఎవరు పోయిండ్రే?" ఎల్లప్ప కళ్లలో నీళ్లు తిరిగాయి. అంజన్‌కు అది చాలు. వార్త బస్తీ అంతా పాకింది.

మధ్యాహ్నం తిని, ఎల్లప్ప మాస్కు పెట్టుకుని పడుకున్నాడు. రాజమణి పక్కన కూర్చుని బుస కోసం ఎదురుచూసింది. రాలేదు. బయట ఆటోల హారన్లు, ఫలక్‌నుమా వైపు పోయే రైలు కూత. లోపల మాత్రం ఆయన ఊపిరి వస్తూ పోతూ ఉంది. ఎక్కడా ఆగలేదు. ఇన్నేళ్ల కాపురంలో గురక విన్నది, గురక ఆగడం విన్నది, ఆయన ఊపిరి ఇంత నెమ్మదిగా ఆడటం వినడం మాత్రం ఇదే మొదటిసారి. ఛాతీ లేస్తూ దిగుతూ ఉంటే ఆమె కళ్లార్పలేదు. తెలియకుండానే రెండు చేతులూ జోడించింది. అమ్మవారికో, ఆ పెట్టెకో, ఉత్త గాలికో ఆమెకే తెలియదు.

అంతలో ఆగమ్మ గుండెలు బాదుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. వెనక నలుగురు ఆడవాళ్లు.

"అయ్యో రాజమణీ! ఎంత పనైపాయెనే! ఎవ్వలు పోయిన్రే?"

రాజమణి పెదవుల మీద వేలు పెట్టుకుంది.

"ఎవ్వలు పోలే అక్కా. పోవద్దనే తీపిచ్చుకున్నడు."

ఆగమ్మ కొంగుతో నోరు మూసుకుని, మీసం లేని ఆ ముఖాన్ని, కింద బొంత మీది పెట్టెను మార్చి మార్చి చూసింది. రాజమణి ఆమె చెయ్యి పట్టి లాగి పక్కన కూర్చోబెట్టుకుంది.

"లొల్లి చెయ్యకు. జర ఇను. ఆయన ఊపిరి."