ఉందనుకుందాం మాస్టారు

మా మాస్టారి నోట "లేదు" అన్న మాట ముందుగా వచ్చేది కాదు. చివర్లో రావచ్చు, అదీ తప్పనిసరైతేనే. ఖాళీ కుర్చీ చూపించి "మనిషి లేడండీ" అంటే, "ఉన్నాడనుకుందాం, లేకపోతే తర్వాత తేలుతుంది" అనేవారు. అందుకే ఆఫీసులో ఆయనకు ఉందనుకుందాం మాస్టారు అని పేరు పడిపోయింది. ఆయనకూ తెలుసు. ఆ పేరుతో పిలిచినా పలికేవారు.

వాళ్లావిడ ఒకరోజు వంటింట్లోంచి "ఉప్పు నిండుకుంది" అందట. ఈయన మురిసిపోయారు. "చూశావా, మన భాషకే లేదు అనడం ఇష్టం లేదు. నిండుకుందంటే నిండుగా ఉన్నట్టేగా, కానియ్" అన్నారు. ఆవిడ మొండిది. ఉప్పు లేకుండానే వండి వడ్డించింది. ఈయన కంచం ఖాళీ చేసి, చెయ్యి కడుక్కుని, "లేదని తేలింది" అని సంచీ పట్టుకుని బజారుకు బయల్దేరారు.

మంగలి దగ్గరా అదే వరస. మాస్టారి నడినెత్తిన వెంట్రుక అన్నది మొలిచి చాలా ఏళ్లయింది.

"ఎక్కడ కత్తిరించమంటారు సార్?" అని మంగలి అద్దంలోకి చూస్తూ అడిగాడు.

"ఉందనుకుని మొదలుపెట్టు నాయనా. లేకపోతే కత్తెరకే తెలుస్తుంది."

ఇది వట్టి చాదస్తం కాదు. మా పనే అలాంటిది. నీటికుక్కలు ఏ చెరువులో ఉన్నాయో, ఏ చెరువులో లేవో లెక్క తేల్చడం మా ఉద్యోగం. నీటికుక్కంటే నీళ్లలో ఈది చేపలు పట్టుకు తినే పొడుగుతోక జంతువు. మహా సిగ్గరి. మనుషులు వెళ్లినప్పుడు కనబడకపోతే, అసలు లేనట్టా, ఉండీ దాక్కున్నట్టా? అది తేల్చడానికి ఒక్కో చెరువుకూ మళ్లీ మళ్లీ వెళ్లి చూసి, చూసిందంతా కంప్యూటర్‌కి ఇస్తాం. అది లెక్క మొదలుపెట్టాలంటే ప్రతి చెరువుకూ ఏదో ఒక తొలి అంచనా చెప్పాలి. ఉందనో, లేదనో. అక్కణ్ణుంచి లెక్కను మళ్లీ మళ్లీ దిద్దుకుంటూ, అదే నిజం దగ్గరికి చేరుతుంది. మాస్టారు అన్ని చెరువులకూ "ఉంది" అనే పెట్టేవారు.

మా పెద్దసారుకు అది నచ్చలేదు. "సగం చోట్ల ఎవరికీ కనబడలేదయ్యా. లేదనే మొదలుపెడితే పోలా?" అని ఒకరోజు తానే కూర్చుని అన్నింటికీ "లేదు" కొట్టారు. తెర మీద ఎర్రగీత వచ్చి లెక్క అక్కడే ఆగిపోయింది.

"దీనికేమైంది?"

"కళ్లారా చూసిన చెరువులో కూడా లేదన్నారు కదా సార్. అలిగింది" అన్నారు మాస్టారు. "ఉందని మొదలుపెట్టి లేకపోతే, నెమ్మదిగా అదే దిద్దుకుంటుంది. ఉన్నదాన్ని లేదంటే మాత్రం అడుగు ముందుకు పడదు."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మా ఇంట్లో తొలి అంచనా "లేదు".

అక్క తనకు నచ్చినవాణ్ణి చేసుకుని వెళ్లిపోయిన రోజు, నాన్న "నాకు పెద్దకూతురు లేదు" అన్నాడు. అప్పటికి నాకు జడ వేసుకోవడం కూడా రాదు, అక్కే వేసేది. ఆ రోజు నుంచి ఇంట్లో ఆమె పేరెత్తినవాళ్లు లేరు. నాన్న పోయాడు గానీ ఆ మాట పోలేదు. వంతెన అవతల ఆమెకు బట్టలు కుట్టే దుకాణం ఉందని తెలుసు. బస్సు అటు తిరిగినప్పుడల్లా కిటికీలోంచి చూసేదాన్ని. బోర్డు కనబడేది, మనిషి కనబడేది కాదు.

ఒకరోజు టీ తాగుతూ మాస్టారితో చెప్పేశాను.

"వెళ్లి చూశావా?"

"ఒకసారి వెళ్లాను. షట్టర్ వేసుంది. వచ్చేశాను."

"ఒక్కసారికేనా? నీటికుక్క కోసమైతే ఐదుసార్లు వెళ్తావు కదమ్మా."

"అది కరవదుగా మాస్టారూ."

"కరుస్తుంది" అని ఆయన టీ పూర్తి చేసి వెళ్లిపోయారు. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

వానలు వెలిసిన తర్వాత, ఒక మధ్యాహ్నం మా గది గుమ్మంలో ఒకావిడ నిలబడింది. చేతిలో చొక్కాల మూట, మెడలో కొలతల టేపు. కణతల దగ్గర జుట్టు నెరిసింది. నన్ను చూసి, చూడనట్టు మాస్టారి బల్ల దగ్గరికి నడిచింది.

"ఇక నావల్ల కాదండీ" అని మూట దించింది. "వారం వారం ఒక చొక్కా తేవడం, కాస్త బిగించమనడం. బిగించడానికి ఇంక గుడ్డ మిగల్లేదు."

అప్పుడు చూశాను. మాస్టారు తొడుక్కున్న చొక్కా దిండు గలీబులా బిగిసిపోయి ఉంది. ఆయన కంప్యూటర్‌లోకి తల దూర్చి ఏదో ముఖ్యమైన పనిలో ఉన్నట్టు నటిస్తున్నారు.

"గుడ్డ కొలుస్తుంటే కబుర్లు మొదలుపెట్టేవారు" అంది అక్క. ఈసారి నాతోనే. "మా ఆఫీసులో ఒకమ్మాయి ఉంది, గట్టిగా నవ్విందంటే ఎక్కిళ్లు పడతాయి, అని. మొదటి వారమే అర్థమైంది నువ్వని."

"మరి అప్పుడే రాలేదేం అక్కా?"

"తెలిసిపోయిందంటే ఈయన రావడం మానేస్తారేమోనని. వారానికోసారి నీ సంగతులు వినబడుతుంటే..." అక్క ఆగింది. "అందుకే ప్రతిసారీ కొంచెం కొంచెమే బిగించాను. ఎక్కువ రోజులు రావాలిగా."

అక్కకు ఏం చేయాలో తోచలేదు. చేతులు ఊరుకోక మెడలో టేపు తీసి, నన్ను వెనక్కి తిప్పి, ఈ భుజం నుంచి ఆ భుజానికి కొలిచింది.

"నాన్న భుజాలే" అంది మెల్లిగా. టేపు తీసేసింది గానీ చెయ్యి తియ్యలేదు.

మమ్మల్ని వదిలేసి బయటికి పోదామని మాస్టారు లేచారు. ఊపిరి పీల్చినట్టున్నారు, చొక్కా గుండీ తెగి పెద్దసారు గది దాకా దొర్లుకుంటూ పోయింది. అక్క కళ్లు తుడుచుకుని, కుట్టుపనివాళ్ల గొంతుతో అంది.

"విప్పి ఇచ్చేయండి. అన్నీ మళ్లీ వదులు చేయాలి."

"అలాగేనమ్మా. వచ్చేవారం నేనే వచ్చి పట్టుకెళ్తాను."

"మీరెందుకండీ" అంది అక్క, నా వైపు చూడకుండా. "ఇది వస్తుంది."